విత్తన కర్మాగారములలో తత్క్షణపు లెక్కలు

1966వ సంవత్సరపు విత్తన చట్టమునకు బదులుగా నూతన చట్టమును దెచ్చుటకై కేంద్ర వ్యవసాయశాఖవారు 2025 నవంబరులో ఒక చిత్తును ప్రజాభిప్రాయమునకు విడుదల చేసిరి. ప్రతి విత్తనపు సంచిపైనను క్యూఆర్ కోడు ఉండవలెననియు, దానిని జూచినంతనే ఆ విత్తనము పుట్టుపూర్వోత్తరములు తెలియవలెననియు అందలి సంకల్పము. ఇందుకు పునాదియైన ‘సాథీ’ యను కేంద్ర పోర్టలు 2023 ఏప్రిలులోనే ప్రారంభింపబడినది. ఈ సంకల్పమును మేము హృదయపూర్వకముగ ఆహ్వానించుచున్నాము. కాని సంచిపై అచ్చువేయబడిన కోడు సంచిలోని విత్తనమును గూర్చి సత్యము పలుకవలెనన్నచో, ఆ సత్యము సంచి కుట్టుటకు పూర్వమే, కర్మాగారములో, కాటా దగ్గర, యంత్రముల దగ్గర, గిడ్డంగి వాకిట వ్రాయబడి యుండవలెను. అచ్చట నేడు వ్రాత ఎట్లు సాగుచున్నది? ఈ ప్రశ్నను నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల భూస్వాములును, వర్తకులును, పట్టణవాసులును తమ ప్రశ్నగా భావించి ఆలోచింపవలసిన సమయము వచ్చినది.

విత్తనములతో ఈ ప్రాంతమునకు గల సంబంధము నిన్న నేటిది కాదు. నంద్యాలలో వ్యవసాయ పరిశోధనాస్థానము 1906లో నెలకొల్పబడినది. ‘నరసింహ’ ప్రత్తియు, యంత్రముతో కోయుటకు అనువైన ఎన్‌బీఈజీ 47 శనగయు ఆ స్థానము ప్రసాదించినవే. కుందూ లోయలోని నల్లరేగడి నేలలును, సుంకేసుల యొద్ద బయలుదేరి కడపవైపు సాగు కె.సి. కాలువయు ఇచ్చటి రైతును విత్తనపు పంటకు ప్రోత్సహించినవి. ప్రత్తి సంకర విత్తనమును పండించుటకై ఆడపూవు నుండి పుప్పొడి తిత్తులను చేతితో తొలగించి, మగవరుస పుప్పొడిని ఒక్కొక్క పూవునకును అద్దెడి పని ఈ పొలములలో ఏటేట సాగుచున్నది. 2017లో తంగెడంచలో విత్తనోద్యానమునకు శంకుస్థాపన చేసినప్పుడు ఈ ప్రాంతపు పేరు అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయము దనుక వినబడినది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లా అయినది. ఇన్ని యోగ్యతలు గల ప్రాంతమునకు విత్తనము పేరే పెట్టుబడి. ఆ పేరు చెడినచో మరల సంపాదించుట తరముల పని.

విత్తన శుద్ధి కర్మాగారములో జరుగు పనిని ఒక్కసారి మనసునకు దెచ్చుకొందము. రైతు తెచ్చిన బస్తాలు కాటా కెక్కును, తేమ చూచెదరు, చీటీ వ్రాసెదరు. ప్రత్తియైనచో గింజపై మిగిలిన నూగును గంధకామ్లముతో కాల్చి, కడిగి, సున్నముతో ఆమ్లము విరిచి, ఆరబెట్టెదరు. ఇది నిమిషముల లెక్కతో జరుగు పని. ఆమ్లములో గింజ కొంత హెచ్చుసేపున్నను, ఆరబెట్టు గాలికి వేడి హెచ్చినను మొలక చచ్చును. పిమ్మట జల్లెడలు, తూకపు వేర్పాటు యంత్రము, మందు పూత, సంచి, కుట్టు, గిడ్డంగి. నడుమ నడుమ నమూనాలు తీసి మొలక పరీక్షకు పంపెదరు. జాతిశుద్ధి తెలిసికొనుటకై కొంత విత్తనమును పొలములో వేసి పెంచి చూచెదరు. వరి ధ్రువీకృత విత్తనమునకు మొలక 80 శాతమునకు, శుభ్రత 98 శాతమునకు తగ్గరాదనియు, తేమ 13 శాతమునకు మించరాదనియు జాతీయ ప్రమాణములు శాసించుచున్నవి.

ఇన్ని పనులకును ఇన్ని రిజిస్టర్లు. కాటా దగ్గర ఒకటి, ఆరబెట్టుచోట ఒకటి, ప్రయోగశాలలో ఒకటి, గిడ్డంగిలో ఒకటి, మేనేజరు గదిలో మరియొకటి. పెద్ద సంస్థలు కొన్ని కంప్యూటరుకు మారినను, చిన్న కర్మాగారములలో నేటికిని కలమును కాగితమునే ఆధారము. ఇందులో పనివాని తప్పు లేదు. దుమ్ములో, యంత్రపు హోరులో, చేతులకు మందు అంటుకొనియున్న వేళ కలము పట్టువాడెవడు? షిఫ్టు ముగిసిన పిదప గుర్తున్నంతవరకు వ్రాసెదరు. మరునాడు గుమాస్తా దానిని మంచి పుస్తకములోనికి ఎత్తి వ్రాయును. వారాంతమున మూడవవాడు కంప్యూటరులో ఎక్కించును. ఒకే సంగతి మూడు చేతులు మారును. మూడవ చేతికి వచ్చునప్పటికి అది సంగతిగాక, సంగతిని గూర్చిన జ్ఞాపకము మాత్రమే యగును. ఈలోగా ఒక లాటు వెనుక మరియొక లాటు యంత్రములో పోయబడియుండును. నడుమ యంత్రమును శుభ్రపరచితిరా లేదా యని అడిగినచో రిజిస్టరులో ఒక టిక్కుగుర్తు కనబడును. ఆ గుర్తు పని జరిగినప్పుడు పెట్టినదో, తనిఖీ వచ్చుచున్నదని విని పెట్టినదో కాగితము చెప్పజాలదు.

ఇతర దేశములందలి కర్మాగారములు ఈ లోపమును దీర్చుకొనుటకై ముప్పది సంవత్సరములుగా ఒక పద్ధతిని అభ్యసించుచున్నవి. దానికి ‘మాన్యుఫ్యాక్చరింగ్ ఎగ్జిక్యూషన్ సిస్టమ్’ అని పేరు. ఉత్పత్తి నిర్వహణ పద్ధతి యని మనము చెప్పుకొనవచ్చును. ఈ పేరు 1990 తరువాతి సంవత్సరములలో అమెరికాలో వాడుకకు వచ్చినది. 2000లో వెలువడిన ఐఎస్ఏ-95 ప్రమాణము దీని స్థానమును స్పష్టపరచినది: పైన సంస్థ జమాఖర్చులు, క్రింద యంత్రములను నడుపు సాధనములు, ఆ రెంటికిని నడుమ ఈ పద్ధతి. జమాఖర్చు మాసాంతమున ఏమి మిగిలినదో చెప్పును. ఇది ఈ క్షణమున ఏ యంత్రముపై ఏ లాటు నడుచుచున్నదో, దానిని ఎవరు నడుపుచున్నారో, తరువాతి పనికి అది అర్హమా కాదా యని చెప్పును.

విత్తనపు పనిలో దీని అన్వయము కష్టమైనది కాదు. కాటాయే స్వయముగ తూకమును వ్రాసికొనును. బస్తా లోపలికి వచ్చునప్పుడే దానికొక కోడు అంటింపబడును; యంత్రములో పోయుటకు ముందు దానిని చూపవలెను; వేరు లాటు బస్తా యైనచో పద్ధతి ఒప్పుకొనదు. ఆరబెట్టు గాలి వేడి హద్దు మీరినచో ఆ నిమిషముననే హెచ్చరిక వచ్చును. మొలక పరీక్ష ఫలితము రానిదే ఆ లాటునకు సంచి లేబులు అచ్చుకాదు. ఇవన్నియు కాగితము మీదను నియమములే. కాని కాగితము నియమమును వ్రాసికొనును, ఈ పద్ధతి నియమమును నిలుపును.

అన్నింటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. నూరు క్వింటాళ్ల గింజ లోపలికి వచ్చినచో, శుద్ధియైన విత్తనము, తాలు, నూగు, ఆవిరియైన తేమ కలిసి నూరు క్వింటాళ్లకు సరిపోవలెను. లోపలికి వచ్చినదానికంటె సంచులలో వెలుపలికి పోయినది హెచ్చైనచో ఎచ్చటనో పరాయి గింజ కలిసినదన్నమాట. కాగితపు పద్ధతిలో ఈ లెక్క సీజను ముగిసిన పిదప తేలును. అప్పటికి ఆ సంచులు దుకాణములు దాటి, పొలములు చేరి, భూమిలో పడియుండును. తత్క్షణపు లెక్కలో ఆ భేదము అదే దినమున, సంచి గిడ్డంగి దాటకమునుపే కనబడును. విత్తన కర్మాగారమునకు ఈ పద్ధతి వలన కలుగు లాభములలో ఇదే ప్రధానమని మా అభిప్రాయము.

సిమెంటు సంచిలో లోపమున్న యెడల కట్టడము లేవకముందే పరీక్షించి త్రిప్పి పంపవచ్చును. నేత గుడ్డలో లోపము కంటికి కనబడును. విత్తనములోని లోపము అట్లు కాదు. అది మొలచి, పెరిగి, పూతకు వచ్చిన నాటికి గాని బయటపడదు. ఆ వేళకు రైతు దుక్కియు, ఎరువును, కూలియు, ఋతువును వ్యయమై పోయియుండును. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్నట్లు అప్పుడు వచ్చు తనిఖీ వలన ప్రయోజనమేమి? 2017లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్ రాష్ట్రముల పొలములలో ప్రభుత్వానుమతి లేని, కలుపుమందును తట్టుకొను ప్రత్తి బయటపడినప్పుడు కేంద్రము విచారణ సంఘమును నియమింపవలసి వచ్చినది. అది ఏ కర్మాగారములో శుద్ధియై, ఏ సంచిలో ఎక్కి, ఏ దారిని పొలము చేరినదో వెనుకకు నడచి కనుగొనుటకు తగిన జాడలు లేకపోవుటయే దొంగవిత్తనపు వర్తకునకు పెట్టనికోట.

న్యాయస్థానమునందును ఇదే కొరత. జాతీయ విత్తన సంస్థకును ఆంధ్రప్రదేశ్ రైతులకును నడిచిన వ్యాజ్యములో 2012 జనవరిలో సుప్రీము కోర్టు తీర్పు చెప్పుచు, విత్తనము కొన్న రైతు వినియోగదారుడే యనియు, వినియోగదారుల ఫోరమును ఆశ్రయించు హక్కు అతనికి కలదనియు నిర్ణయించినది. కొన్న విత్తనమునంతను భూమిలో చల్లిన రైతు ప్రయోగశాలకు పంపుటకై నమూనా దాచియుంచవలెనని ఆశించుట అసంగతమని ధర్మాసనము గుర్తించినది. మరి నమూనా ఎవరి యొద్ద నుండును? లాటు చరిత్ర ఎవరి యొద్ద నుండును? కర్మాగారము యొద్దనే. కనుక కర్మాగారపు లెక్క యజమాని సొంత పుస్తకము మాత్రమే కాదు. అది రైతునకు ప్రమాణము, నిజాయితీపరుడైన యజమానికి రక్ష. లాటు శుద్ధియైన గంట, వేడి, పరీక్ష, సంచుల సంఖ్య ఆయా క్షణములందే వ్రాయబడియున్న యజమాని, పొలములో కలిగిన నష్టము తన విత్తనము వలన కలిగినది కాదని నిరూపించుకొనగలడు. సాయంకాలము జ్ఞాపకము మీద వ్రాసిన రిజిస్టరును పట్టుకొని ఆ మాట చెప్పినచో ఎవరు నమ్ముదురు?

చిన్న కర్మాగారముల యజమానులు చెప్పు ఆక్షేపణలను మేము తేలికగా త్రోసివేయుట లేదు. సాధనములకు వ్యయమగును, కరెంటు పోవును, సీజనులో వచ్చు కూలీలు మూడు నాలుగు నెలలుండి పోవుదురు, నేర్పుటకు తీరిక ఉండదు. ఇవన్నియు నిజమే. కాని అన్ని యంత్రములను ఒక్కనాటనే మార్చనక్కరలేదు. ముందుగా మూడు స్థానములను ఎన్నుకొనుట మేలు: బస్తా లోపలికి వచ్చు కాటా, లాటు మారునప్పుడు యంత్రమును శుభ్రపరచుట, సంచికి లేబులు అంటించుట. ఈ మూడింటి మధ్యనే లెక్క సరిపడునో లేదో తెలిసిపోవును. కరెంటు గాని ఇంటర్నెట్టు గాని లేని వేళ సాధనము తనలోనే వ్రాసికొని, మరల వచ్చినప్పుడు పంపునదై యుండవలెను. తెరపై అక్షరములు తెలుగున ఉండవలెను. చదువు కొంచెమే వచ్చిన పనివానికిని రంగు వలనను గుర్తు వలనను అర్థము కావలెను. ఇంకొక హెచ్చరిక: సాధనము వచ్చిన పిదప రిజిస్టరును కూడ సాగించినచో పనివానికి రెట్టింపు చాకిరి, యజమానికి రెండు సత్యములు. కొన్ని వారములు రెంటిని పోల్చి చూచి, నమ్మకము కుదిరినంతనే కాగితమును మాన్పవలెను.

యంత్రము వచ్చినంతనే అబద్ధము పోవునని మేము చెప్పము. ఈ విషయమున తెలుగు రైతునకు గల అనుభవము చిన్నది కాదు. తరతరములు అడంగలు కరణము చేతిలో నుండెను. 1984లో కరణీకములు రద్దైనవి. తరువాత లెక్కలు కంప్యూటరు కెక్కినవి. 2015లో ‘మీభూమి’ వచ్చి ఇంటినుండియే చూచుకొను సదుపాయము కలిగినది. అది మేలే. అయినను పాత పుస్తకములోని తప్పు తెర మీదికి ఎక్కినచోట, దానిని సవరించుకొనుటకై రైతులు కార్యాలయముల చుట్టును తిరిగిరి. కాగితము మీది తప్పును తప్పని అందరును ఒప్పుకొందురు. కంప్యూటరు చెప్పిన తప్పు ఒప్పై కూర్చుండును. కనుక విత్తన కర్మాగారములో వచ్చు పద్ధతికి మొదటి నియమము, వ్రాసినదానిని తుడుపరాదనుట. దిద్దుబాటు అవసరమైనచో పాత అంకె కనబడుచుండగనే క్రొత్త అంకె వ్రాయవలెను. ఎవరు, ఎప్పుడు, ఏల దిద్దిరో దాని ప్రక్కనే యుండవలెను. ఇది మేము కల్పించిన నియమము కాదు. అమెరికా ఔషధ నియంత్రణ శాఖ 1997లో ఎలక్ట్రానిక్ లెక్కలకు విధించిన నిబంధనలలో దిద్దుబాటు పాత వ్రాతను మరుగుపరచరాదను సూత్రము కలదు. ఆ దేశమునకు మందులు పంపు తెలుగునాటి ఔషధ కర్మాగారములు దానికి లోబడియే పనిచేయవలసి యున్నవి. మాత్ర మ్రింగువాని ప్రాణమునకు ఇచ్చిన విలువ, విత్తు నాటువాని బ్రతుకునకు ఇచ్చుటకు మనకేమి అభ్యంతరము?

ఇక అసలు సంగతికి వచ్చెదము. ఈ లెక్క ఎవరి కన్నులకు కనబడవలెను? యజమాని కొక్కనికే కనబడునదైనచో, ఇది వేగముగ నడచు పాత రిజిస్టరు మాత్రమే. విత్తనము పండించిన రైతు స్థితిని గమనింపుడు. అతడు కంపెనీ ఇచ్చిన మూలవిత్తనముతో, ఆర్గనైజరు చెప్పిన ధరకు, సొంత నేలలో పంట పండించును. బస్తాలు కర్మాగారము గడప దాటిన పిదప అతనికి మిగులునది ఒక కాటా చీటీ. పొలములో పెంచి చూచిన జాతిశుద్ధి పరీక్ష ఫలితము వచ్చునంతవరకు పూర్తి సొమ్ము చేతికి రాదు. ‘నీ లాటు నెగ్గలేదు’ అని చెప్పినచో, పరీక్షకు పోయినది తన గింజయేనా, దారిలో చీటీ మారినదా యని అడుగుటకు అతనికి ఆధారమేదియు లేదు. మూడు చేతులు మారిన కాగితముపై ఆ ఋతువు ఫలమంతయు ఆధారపడియున్నది.

తత్క్షణపు లెక్క ఈ అన్యాయమును తొలగింపగలదు. తొలగించునట్లు దానిని ఏర్పరచినచోనే సుమా. కాటా పలికిన తూకమును తేమయును అదే నిమిషమున రైతు ఫోనునకు తెలుగున చేరవలెను. నమూనా తీసినప్పుడు దానికి అంటించిన కోడు అతని బస్తా కోడుతో ముడిపడియుండవలెను. ఒక నమూనా ముద్రవేసి అతనికిని ఈయవలెను. పరీక్ష ఏ దినమున మొదలై ఏ దినమున ముగిసినదో, ఎన్ని మొక్కలలో ఎన్ని తేడా చూపినవో అతడు చూడగలుగవలెను. ఇట్టి లెక్క ఉన్నచోట రైతునకును కంపెనీకిని మధ్య తగవు తగ్గును; మంచి విత్తనము పండించిన రైతునకు పేరు వచ్చును; వచ్చే ఏడు అతనికే ముందు పిలుపు వచ్చును. లేనిచో కంచెయే చేను మేసినట్లు, మోసమును ఆపుటకు వచ్చిన సాధనమే బలవంతుని చేతిలో మరియొక బలమగును.

కర్మాగారములో పనిచేయు వారి విషయమున ఒక మాట. గింజ ఏరు స్త్రీలకును, బస్తాలు మోయు హమాలీలకును ఈ సాధనము కొరడాగా మారరాదు. లాటు జాడ తెలిసికొనుటకు వచ్చిన లెక్క, ఎవరెన్ని నిమిషములు కూర్చుండిరో లెక్కించు గూఢచారి యైనచో, పనివారు దానిని నమ్మరు. నమ్మనివారు సత్యమును వ్రాయరు. పని గంటలు యథాతథముగ వ్రాయబడినచో దాని ఫలము ముందుగా ఓవర్‌టైము కూలిలో వారికి కనబడవలెను. లోపమును తానై తెలిపిన పనివానికి శిక్ష లేదని యజమాని మొదటి దినముననే చెప్పి, ఆ మాటను నిలుపుకొనవలెను.

ప్రభుత్వమువారికి మా సూచనలు మూడు. మొదటిది: కర్మాగారపు లెక్క నేరుగ ‘సాథీ’కి చేరు మార్గము నేర్పరుపవలెను. కర్మాగారములో ఒకసారి, పోర్టలులో మరియొకసారి చేతితో ఎక్కించుమన్నచో పాత జాడ్యమే క్రొత్త అంగీ తొడిగికొని వచ్చును. రెండవది: చిన్న కర్మాగారములు కలిసి ఒకే పద్ధతిని సమకూర్చుకొనుటకు సాయము చేయవలెను, నంద్యాల పరిశోధనాస్థానము వంటి సంస్థలు శిక్షణకు కేంద్రములు కావలెను. లేనిచో చట్టపు భారము చిన్నవారిని మూసివేయించి, పెద్దవారికే విత్తనపు వ్యాపారమంతయు అప్పగించును. మూడవది: సంచి కొనువానికి కోడు చూచు హక్కు ఈయదలచిన చట్టములో, ఆ సంచిలోని గింజను పండించినవానికి తన లాటు చరిత్ర చూచు హక్కును చేర్చవలెను. మొదటి రెండును సౌకర్యములు, మూడవది న్యాయము.

నంద్యాల, ఆళ్లగడ్డ వర్తకులు చట్టము వచ్చి మెడమీద కూర్చుండువరకు వేచియుండనేల? కాటా దగ్గర మొదలు పెట్టుటకు ఏ ఢిల్లీ అనుమతియు అక్కరలేదు. వచ్చు సీజనునకు ఒక్కొక్క కర్మాగారము ఒక్క లాటునైనను గడప మొదలు గిడ్డంగి దనుక ఈ విధముగ నడిపి చూచి, ఆ లెక్కను ఆ లాటు రైతుల యెదుట పెట్టుగాక. కుందూ ఒడ్డున పండిన విత్తు ఏ దూరదేశపు పొలములో మొలచినను, దాని చరిత్ర దాచవలసినది కాదని చెప్పగలిగిన నాడు ఈ ప్రాంతపు విత్తనమునకు వేరు ప్రకటన అవసరముండదు. ఆ దినము త్వరలో వచ్చునట్లు భూస్వాములును యజమానులును ఏకమై పూనుకొందురని ఆశించుచున్నాము.